పాత ఇంటికి పొయ్యి కావాలి



హాస్టల్ వార్డెన్ మైకు పట్టుకుంటే స్టడీ అవర్ గురించి చెప్తుందని మీకు భయం. ఈ రోజు ఆ భయం వద్దు. ఒక ఇంటి గురించి చెప్తాం. మేము అంటే సంఘంలో ఉన్న ఆడవాళ్ళం, మా హాస్టల్లో చదివి వెళ్ళిన కొందరు అమ్మాయిలు, కొండ మీది ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు.

సీతంపేట మండలంలో ఒక సవర ఊరు. పాత పద్ధతిలో కట్టింది. ఇళ్ళన్నీ వరుసగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, ముందు పొడుగునా అరుగు, లోపల గింజలు దాచుకునే అటక. ఆ వరుస చివరి ఇల్లు మూతపడింది. ముసలాయన, ముసలామె పోయారు. కొడుకు పనికి వలస వెళ్ళాడు. "పడగొట్టేద్దామనుకుంటున్నాను. మీకు కావాలంటే బాగు చేసుకోండి" అన్నాడు. పిల్లలు కూర్చుని చదువుకోవడానికి, మన పాత వస్తువులు నాలుగు పెట్టుకోవడానికి పనికొస్తుందని మేము ఒప్పుకున్నాం.

మొదటి తప్పు మాదే. చదువుకున్నవాళ్ళం కదా, మట్టి గోడ మీద సిమెంటు పూయించేశాం. గట్టిగా ఉంటుందనుకున్నాం. ఒక్క వానాకాలం గడిచేసరికి పూత పలకలు పలకలుగా ఊడిపోయింది, వెనక మట్టి కూడా మెత్తబడింది. మట్టి గోడ తడి పీలుస్తుంది, మళ్ళీ ఆరుతుంది. సిమెంటు పూస్తే ఆ తడి బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది. ఇది మాకు ఇంజనీరు చెప్పలేదు, పక్కింటి అవ్వ చెప్పింది. సిమెంటంతా గీకించి, పుట్టమన్నులో తరిగిన గడ్డి, పేడ కలిపి, కాళ్ళతో తొక్కి, నానబెట్టి మళ్ళీ పూశాం. అమ్మాయిలే తొక్కారు. ఆ గోడ ఇప్పటికీ నిలబడి ఉంది.

తర్వాత పైకప్పు. కింద ఊళ్ళలో స్లాబు ఇళ్ళు కట్టుకుంటూ తీసేసిన పాత పెంకులు, దూలాలు కొన్నాం. పాత సామాను కొనేటప్పుడు చెవి, చెయ్యి వాడాలి. పెంకుని వేలితో కొడితే ఖంగుమనాలి. బొద్దుగా పలికితే ఎక్కడో పగులుంది. దూలంలో మేకు గుచ్చి చూడాలి, మెత్తగా దిగితే లోపల చెద తినేసింది. కొత్త వెదురు వెంటనే వాడకుండా కొన్ని వారాలు గెడ్డ నీళ్ళలో నానబెట్టాం. అందులోని పిండి పదార్థం నీళ్ళలో పోతే పురుగు తొందరగా పట్టదు.

ఇల్లు నిలబడ్డాక లోపల ఏం పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. అక్కడే మాకు అసలు పాఠం దొరికింది.

రోలు, తిరగలి, చేటలు, సొరబుర్రలు ఊరివాళ్ళే ఇచ్చారు. ఇత్తడి, కంచు సామాను కోసం పాత సామాన్ల కొట్టుకు వెళ్ళాం. మన కొండల మీది సామాను అక్కడికి చేరుతుందని మీకు తెలుసు. తూకం వేసి కొంటారు, 'యాంటిక్' అని పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతారు. ఒక పాత ఇత్తడి బిందె చాలా బాగుంది. మెడ దగ్గర చిన్న సొట్ట. బేరమాడి కొన్నాం, మహా సంబరపడ్డాం.

ఇంటికి తెచ్చి పెట్టగానే మాతో ఉన్న ఒక అమ్మాయి దాని దగ్గర కూర్చుని లేవలేదు. సొట్ట మీద వేలు పెట్టి, "ఇది మా అవ్వదమ్మా. చిన్నప్పుడు నేనే పడేశాను" అంది. తాతకు జబ్బు చేసినప్పుడు కుదువ పెట్టారట. విడిపించుకోలేకపోయారు.

ఆ రాత్రి మా మధ్య పెద్ద వాదన జరిగింది. సంఘం డబ్బుతో కొన్నాం, సంఘం ఇంట్లో ఉండాలని కొందరన్నారు. ఇక్కడుంటే నలుగురూ చూస్తారన్నారు. చివరికి అవ్వనే అడిగాం. ఆమె బిందె చూసి, "మీరు సూడ్డానికి ఉంచుతారు. నాను నీలు తేడానికి ఉంచుతాను" అంది. ఇంకేం మాట్లాడతాం? ఇచ్చేశాం. ఇప్పుడు మన ఇంట్లో కార్యక్రమం ఉన్నప్పుడు ఆమే ఆ బిందెతో నీళ్ళు తెస్తుంది, అయ్యాక తీసుకెళ్తుంది.

అప్పటినుంచి మాది ఒకటే నియమం. ఏ పాత వస్తువైనా తెచ్చే ముందు 'ఎంత?' కంటే ముందు 'ఎవరిది?' అని అడుగుతాం.

మీలో కొందరు పాత వస్తువులు కొని అమ్ముతున్నారని విన్నాం. చట్టం కూడా తెలుసుకోండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. అలాంటివాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, సొంతంగా విదేశాలకు పంపడం నేరం.

గోడ మీద సవర బొమ్మ వేద్దామని కూడా పిల్లలు ఉత్సాహపడ్డారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మ ఇప్పుడు సంచుల మీద, చీరల మీద కనిపిస్తోంది. కానీ మన పెద్దలకు అది అలంకారం కాదు. జబ్బు చేసినప్పుడో, చనిపోయినవాళ్ళ కోసమో పూజ చేసి వేయించే బొమ్మ, వాళ్ళు వచ్చి కూర్చునే చోటు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం గురించి రాసిన పెద్ద పుస్తకంలోనూ ఈ సంగతి ఉంది. ఎజ్జోడిని అడిగితే, "అవసరం లేకుండా పిలవకండి" అన్నాడు. అందుకే మా గోడ ఖాళీగా ఉంది. అదెందుకు ఖాళీగా ఉందో వచ్చినవాళ్ళకు చెప్తాం.

వస్తువుల పక్కన చీటీల మీద సవర పేర్లు రాశాం. తెలుగులో ఎందుకు చాలదని ఒక అబ్బాయి అడిగాడు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల దగ్గర మన భాష నేర్చుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. బయటి పంతులు అంత కష్టపడితే, మన అవ్వను మనం పది పేర్లు అడగలేమా?

మద్రాసు దగ్గర దక్షిణచిత్ర అని ఒక చోటు ఉంది, 1996లో తెరిచారు. విశాఖ వైపు చుట్టిల్లు కూడా అక్కడ చూడొచ్చు. భోపాల్ మానవ సంగ్రహాలయంలో ఆదివాసీలే వచ్చి తమ ఇళ్ళు కట్టి చూపించారు. మంచి పనులే, వీలైతే వెళ్ళి చూడండి. కానీ అక్కడ రాత్రి ఎవరూ పడుకోరు. మన ఇల్లు మన ఊళ్ళోనే ఉంది, పక్కింట్లో అంబలి కాగుతోంది.

మేము పక్కా ఇల్లు వద్దనడం లేదు. పీఎం జన్‌మన్ లాంటి పథకాల్లో ఇల్లు వస్తే, తప్పకుండా కట్టుకోండి. వానకు కారే ఇంట్లో ఉండమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. పాతది పడగొట్టే ముందు మాత్రం మూడు పనులు చేయండి. లోపలా బయటా ఫోటోలు తీయండి. ఏ మూల ఏముండేదో అవ్వనో తాతనో అడిగి రికార్డు చేయండి. మంచి దూలం, తలుపు, రోలు తూకానికి అమ్మకుండా కొత్త ఇంట్లో వాడుకోండి.

చివరగా ఒక సాయం అడుగుతున్నాం. ఇల్లు బాగుచేసి తాళం వేశాక ఆరునెలల్లో అటక వెదుళ్ళకు పురుగు పట్టింది. మళ్ళీ పక్కింటి అవ్వే చెప్పింది. "పొయ్యి ఎలగని ఇల్లు పురుగు పాలే. పొగ తగలాల." పొగ తగిలితే వెదురు జోలికి పురుగు రాదు. ఇప్పుడు వారానికి రెండుసార్లు ముసలివాళ్ళు వచ్చి పొయ్యి వెలిగిస్తున్నారు. వాళ్ళ మోకాళ్ళు సహకరించడం లేదు.

ఆ వంతు మీరు తీసుకోండి. అంబలి కాచుకోండి, పుస్తకాలు తెచ్చుకోండి, అక్కడే చదువుకోండి. చూశారా, చివరికి స్టడీ అవర్ దగ్గరికే వచ్చాం.

జై ఆదివాసీ.