బ్రాంచి లైన్‌లో వచ్చినా చేరేది మెయిన్ లైన్‌కే

మాది శ్రీకాకుళం జిల్లా నౌపడ. ఉప్పు మడుల ఊరు. మా నాన్న ఆ మడుల్లోనే కూలి. అకాల వాన ఒక్కటి పడితే చాలు, చేతికొచ్చిన ఉప్పు కరిగిపోయేది. దాంతోపాటు ఆ వారం కూలీ పోయేది.

టెన్త్ అయ్యాక పాలిసెట్ రాసి, శ్రీకాకుళంలో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరాను. మెకానికల్. కార్పొరేట్ ఇంటర్ కాలేజీకి కట్టే డబ్బు మా దగ్గర లేదు, అంతే. అప్పుడు మా చుట్టాల్లో ఒకాయన, "డిప్లొమా సేసి ఏటి సేత్తావురా? బోల్టులు బిగిత్తావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట మూడేళ్లు నా చెవిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఒకామె గురించి చెప్తాను. పేరు డయానా ట్రుహియో. కొలంబియా దేశం అమ్మాయి. 17 ఏళ్లకి అమెరికా వచ్చింది. చేతిలో 300 డాలర్లు, ఇంగ్లీషు రాదు. ఇళ్లు తుడిచే పని చేసుకుంటూ మయామీ డేడ్ కాలేజీలో చేరింది. అది కమ్యూనిటీ కాలేజీ, అంటే ఫీజు తక్కువ. అక్కడ రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారొచ్చు. ఆమె ముందు ఇంగ్లీషు నేర్చుకుంది, తర్వాత యూనివర్సిటీకి వెళ్లి ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివింది, చివరికి నాసాలో చేరింది. 2021 ఫిబ్రవరి 18న పర్సెవరెన్స్ రోవర్ మార్స్ మీద దిగింది కదా? ఆ రోవర్ రోబో చెయ్యి మీద పనిచేసిన ఇంజినీర్లలో ఆమె ఒకరు. ఆ రోజు నాసా స్పానిష్ లైవ్‌ని నడిపింది కూడా ఆమే.

మనకి అలాంటి దారి లేదా? ఉంది. పాలిటెక్నిక్, ఆ తర్వాత ఈసెట్. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. పరీక్ష 200 మార్కులకి. మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగతా 100 మన బ్రాంచి సబ్జెక్టు. అంటే మూడేళ్లు చదివిందే సగం పేపర్.

కానీ ఒక నిజం ఎవరూ చెప్పరు, అందుకే నేను చెప్తున్నా. ఈసెట్‌లో సీటొచ్చి బీటెక్‌లో చేరాక, మొదటి సెమిస్టర్‌లోనే మ్యాథ్స్ ఫెయిలయ్యాను. క్లాసులో మిగతావాళ్లు ఇంటర్‌లో, ఫస్టియర్‌లో చేసిన లెక్కలు నేను చేయలేదు. "చుట్టం అన్నదే నిజమేమో" అని ఏడ్చాను. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఒకటే అడిగాడు: "సబ్జెక్టు రాదా, ఇంకా సదవలేదా?" రెండూ వేరు కదా. ఆ ఒక్క ప్రశ్నతో లేచాను. సప్లీలో పాసయ్యాను.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సీటొచ్చిందని ఆ సెలవుల్లో ఖాళీగా కూర్చోకండి. ఫస్టియర్ మ్యాథ్స్, ముఖ్యంగా కాలిక్యులస్, మ్యాట్రిసెస్, ముందే పట్టుకోండి. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీకి వెళ్దామనుకునేవాళ్లు అప్పు చేయకముందే ఒకటి కనుక్కోండి: మీరు చదివే కోర్సుల క్రెడిట్లని మీరు వెళ్దామనుకునే యూనివర్సిటీ ఒప్పుకుంటుందా? ఆ కాగితం చూశాకే ఫీజు కట్టండి. క్రెడిట్లు చెల్లకపోతే ఆ ఏడాదీ, ఆ డబ్బూ రెండూ పోయినట్టే.

మా నౌపడ ఒక జంక్షన్. గుణుపూర్ నుంచి వచ్చే చిన్న లైన్ మా ఊళ్లోనే హౌరా-చెన్నై మెయిన్ లైన్‌లో కలుస్తుంది. కలిశాక ఆ రైల్లో దిగిన మనిషిని ఏ లైన్‌లో వచ్చావని ఎవరూ అడగరు. ఈ రోజు నేను డిజైన్ ఇంజినీర్‌ని. ఆఫీసులో నన్ను కూడా ఎవరూ అడగలేదు, డ్రాయింగ్ సరిగ్గా ఉందా అనే అడుగుతారు.

మీ ఇంట్లో టెన్త్ రాసినవాళ్లు ఎవరైనా ఉంటే ఇది వినిపించండి. ఉంటాను మరి.