రాగికి తోడు

రాగిచెంబును చింతపండుతో తోమి తళతళలాడించుట మన యిండ్లలో తరతరాలుగా వచ్చుచున్న పని. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము చెంబుపై నున్న నల్లని పొరను కరగించి, అందలి రాగిని తనతో పెనవేసికొని నీటిలోనికి గొనిపోవును. కళాయి లేని రాగిపాత్రలో పులుసు నిలువయుంచరాదని పెద్దలు చెప్పుటకు కారణ మిదియే. అట్లు కరగిన రాగి కడుపులోనికి పోయినచో వాంతులు కలుగును.

లోహము నీ విధముగా పట్టుకొను అణువును రసాయనజ్ఞులు లైగాండు అందురు. రెండును కలిసి యేర్పడినది సంశ్లిష్టము. ఇట్టి పదార్థముల నిర్మాణమును 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ విశదీకరించెను. అందులకు 1913లో నోబెల్ బహుమానము నందెను.

మైలుతుత్తమును నీటిలో కరగించినచో లేతనీలిరంగు వచ్చును. అప్పుడు రాగిని చుట్టియుండునవి నీటి అణువులు. అమోనియా నెక్కువగా చేర్చినచో ద్రవము ముదురు నీల మగును. అమోనియాకు బదులు ఇథిలీన్ డయమీన్ అను సేంద్రియ పదార్థమును చేర్చినచో ఊదా చాయగల నీలము కనబడును. ఈ అణువున రెండు నత్రజని పరమాణువులు కలవు. ఎండ్రకాయ తన రెండు డెక్కలతో పట్టినట్లు అవి రాగిని పట్టును. కనుకనే అమోనియా సంశ్లిష్టముకంటె ఇది ఎన్నో రెట్లు దృఢమైనది.

ఈ రసాయనమునకును మన గోదావరి యొడ్డునకును సంబంధము కలదు. భద్రాచలమున కావలి యొడ్డున, సారపాకలో, 1979 నుండి కాగితపు మిల్లు నడచుచున్నది. రైతులు ఏండ్ల తరబడి పెంచిన సుబాబులు, జామాయిలు కర్ర ఇట్టి మిల్లులలో గుజ్జగును. కర్రను క్షారములతో ఉడికించునపుడు అందలి లిగ్నిన్ కరగిపోయి సెల్యులోజు నారలు మిగులును. ఉడుకు మితిమీరినచో సెల్యులోజు గొలుసులు తెగి కాగితము బలహీనపడును. కర్రయు, శ్రమయు వృథా యగును. కాని గొలుసు తెగినది లేనిది కంటికి కనబడునా?

సెల్యులోజు నీటిలో కరగదు. రాగి, ఇథిలీన్ డయమీన్ కలిసిన ద్రావణమున మాత్రము కరగును. మైలుతుత్తమునుండి రాగి హైడ్రాక్సైడును అవక్షేపింపజేసి, కడిగి, ఇథిలీన్ డయమీనులో కరగించి దీనిని తయారుచేయుదురు. గుజ్జును ఇందులో కరగించి, 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సన్నని గాజుగొట్టమున జారుటకు పట్టు కాలమును కొలుతురు. మెల్లగా జారినచో గొలుసులు పొడవైనవి. వేగముగా జారినచో తెగినవి. గుజ్జు పరిశ్రమలో ప్రపంచమంతటను ప్రమాణముగా నున్న పరీక్షలలో ఇది యొకటి. పరీక్షించునపుడు గాలి సోకరాదు; ప్రాణవాయువు తగిలినచో ఈ ద్రావణమునందే గొలుసులు తెగి కొలత తప్పును.

ఇంకొక హెచ్చరిక. మామూలు రాగినీటికి సున్నము కలిపినచో రాగి అడుగున పేరుకొనును. ఇథిలీన్ డయమీను పట్టిన రాగి అంత సులభముగా విడివడదు. దానిని సల్ఫైడుగా అవక్షేపింపజేసి వేరుచేయవలెను. అట్లు చేయక కాలువలో పారబోసినచో అది చేపలకు విషమగును. పరీక్షకు తోడ్పడిన దృఢత్వమే నదికి చేటు తెచ్చును.

లోహ మొక్కటే, తోడు మారినచో గుణము మారును. ఆ తోడు నెరిగి వాడినపుడే రాగి మనకు మేలుచేయును.