ఫొటో బయటపెడతామని బెదిరిస్తే?

మొన్న అర్ధరాత్రి ఇంటర్ చదివే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, డబ్బులు పంపకపోతే నా ఫొటో అందరికీ పంపిస్తారంట" అని ఏడుపు. ఆన్‌లైన్‌లో పరిచయమైన 'అమ్మాయి' పని అది.

ఇలాంటప్పుడు రూపాయి కూడా పంపొద్దు, పంపితే మళ్లీ అడుగుతారు. చాట్ డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసుకుని, తర్వాత బ్లాక్ చేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

18 ఏళ్లలోపు తీసిన ఫొటో అయితే 'టేక్ ఇట్ డౌన్' అనే ఫ్రీ సర్వీస్ ఉంది. ఫొటో అప్‌లోడ్ అవ్వదు. మీ ఫోన్‌లోనే దానికో కోడ్ తయారై, అది మాత్రమే వెళ్తుంది. ఆ కోడ్‌తో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటివి ఆ ఫొటోని గుర్తుపట్టి తీసేయగలవు.

వీటన్నిటికంటే ముందు ఇంట్లో ఒకరికి చెప్పండి. మావాడు చెప్పాడు కాబట్టే ఆ రాత్రి గడిచింది.