ఓటు చీలడం అంటే ఏంది? 2024 పోలింగ్‌కి ముందు పల్నాడు లెక్కలు

2024 మే 13 సోమవారం మన దగ్గర పోలింగ్ జరిగింది. దానికి ముందు మాచర్ల నుంచి చిలకలూరిపేట దాకా ఎక్కడ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒకటే మాట వినపడేది. "వాడికి వేస్తే ఓటు చీలుద్ది రా." అప్పుడు నాకు వచ్చిన మెసేజ్‌లలో కూడా ఎక్కువ భాగం అదే. "అన్నా, నాకు నచ్చినోడు గెలవడు. గెలిచేటోడు నాకు నచ్చడు. ఏం చేయాలి?"

ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్న గురించే. ముందే చెప్తున్నా, ఏ గుర్తుకి వేయాలో నేను చెప్పను. లెక్క ఎట్లా వేసుకోవాలో మాత్రం చెప్తా. ఆ తర్వాత బటన్ మీది, వేలు మీది.

ఫస్ట్, అప్పటి కోపాల లిస్టు. మనందరికీ ఒకటో రెండో ఉన్నాయి. మిర్చి రేటు అంతకుముందు సీజన్‌లా లేదు, కోల్డ్ స్టోరేజీల్లో టిక్కీలు అట్లాగే ఉండిపోయాయి. సాగర్ కుడి కాలువ నీళ్లు నమ్ముకుని నాట్లు వేయాలో వద్దో తెలియని పరిస్థితి. బోల్లాపల్లి, వెల్దుర్తి వైపు వరికపూడిసెల కోసం ఎదురుచూపు. 2023 నవంబర్ 15న మాచర్లలో దానికి శంకుస్థాపన అయింది, నీళ్లు మాత్రం అప్పటికి రాలేదు. డిగ్రీ, బీటెక్ చదివినోళ్లంతా హైదరాబాద్, బెంగళూరు బస్సులు ఎక్కుతున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని సర్టిఫికెట్లు ఆగిపోయినోళ్లు ఉన్నారు. 2024 మే 1న పింఛన్ బ్యాంకు ఖాతాల్లో వేసేసరికి ముసలోళ్లు ఎండలో బ్యాంకుల ముందు నిలబడ్డారు. అది మీ వల్లంటే మీ వల్లని రెండు వైపులా తిట్టుకున్నారు. ఇక ల్యాండ్ టైట్లింగ్ చట్టం. పాస్‌బుక్ మీద సీఎం ఫోటో దగ్గర మొదలైన గొడవ అప్పుడు ప్రతి రచ్చబండ మీదా ఉండేది.

ఇవన్నీ నిజమైన కోపాలే. కానీ ఒక్క నిమిషం ఆగండి. ఆ సోమవారం మన ముందు రెండు మిషన్లు ఉన్నాయి. ఒకటి ఎమ్మెల్యేకి, ఇంకోటి ఎంపీకి. పార్లమెంటు బ్యాలెట్ తెల్ల కాగితం, అసెంబ్లీది గులాబీ రంగు కాగితం. ఏ కోపం ఏ మిషన్‌కి చెందుతుందో విడగొట్టుకోవాలి.

పింఛన్, ఫీజులు, ఊరి మధ్య రోడ్లు, ల్యాండ్ టైట్లింగ్, డీఎస్సీ, ఇవన్నీ రాష్ట్రం పని. అంటే అసెంబ్లీ మిషన్. నడికుడి – శ్రీకాళహస్తి రైల్వే లైను 2011-12 బడ్జెట్‌లో శాంక్షన్ అయింది, 2024 నాటికి పూర్తి కాలేదు. అది ఎంపీ గట్టిగా అడగాల్సిన పని. సాగర్ నీళ్లు రెండింటికీ చెందుతాయి. 2023 నవంబర్ 30న తెలంగాణలో పోలింగ్ జరుగుతున్న రోజే డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు, గుర్తుంది కదా? రాష్ట్రాల మధ్య గొడవ అంటే ఢిల్లీ లేకుండా తేలదు. వరికపూడిసెల కూడా అంతే. డబ్బులు రాష్ట్రం పెట్టాలి, పులుల అభయారణ్యం ఉంది కాబట్టి అటవీ అనుమతులు కేంద్రం ఇవ్వాలి.

ఇక మురిక్కాలవ, వీధి దీపం? అవి మున్సిపాలిటీవి. ఆ కోపం ఆ సోమవారం తీరేది కాదు. 2021లో మాచర్ల, పిడుగురాళ్ల మున్సిపాలిటీల్లో వార్డులన్నీ ఏకగ్రీవం అయ్యాయి. పోటీయే లేని చోట ఓటు చీలేది ఏముంది, కలిసేది ఏముంది? దీని గురించి చివర్లో మాట్లాడదాం.

ఓకే, ఇప్పుడు అసలు పాయింట్. ఓటు చీలడం అంటే ఏంది?

మన సిస్టమ్‌లో సగం ఓట్లు రావాల్సిన పని లేదు. పక్కోడి కంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. వంద మందిలో నలభై మందికి ఒకడు నచ్చాడు, అరవై మందికి వాడు వద్దు. ఆ అరవై మంది 35, 25గా విడిపోతే నలభై వచ్చినోడే గెలుస్తాడు. అంతే మ్యాటర్.

ఇది పుస్తకాల్లో లెక్క కాదు, మన పక్కనే జరిగింది. సత్తెనపల్లిలో 2014లో కోడెల శివప్రసాదరావు గారు అంబటి రాంబాబు గారి మీద గెలిచింది 924 ఓట్లతో. నరసరావుపేట పార్లమెంటులో 2009లో మోదుగుల వేణుగోపాలరెడ్డి గారు గెలిచింది సుమారు 1,600 ఓట్లతో. ఏడు అసెంబ్లీ సీట్లు కలిపి 1,600! విజయవాడ సెంట్రల్‌లో అయితే 2019లో తేడా కేవలం 25 ఓట్లు. మూడో స్థానంలో ఉన్న సీపీఎం అభ్యర్థికి వేలల్లో ఓట్లు పడ్డాయి. ఒక ఆటోలో, ఒక ట్రాక్టర్‌లో పట్టేంత మంది ఎమ్మెల్యేని డిసైడ్ చేశారు.

అందుకే 2022 మార్చిలో ఇప్పటం సభలో పవన్ కల్యాణ్ గారు ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనివ్వనని చెప్పారు. అక్కడి నుంచి నడిచి నడిచి, 2024 మార్చి 17న మన చిలకలూరిపేట దగ్గర బొప్పూడిలో మూడు పార్టీలు ఒకే స్టేజీ ఎక్కాయి.

మరి ఈ చీలిక సిద్ధాంతం ఎప్పుడూ కరెక్టేనా? లెక్క చూద్దాం. 2019లో వైసీపీకి 49.95 శాతం, 151 సీట్లు. టీడీపీకి 39.17 శాతం, 23 సీట్లు. జనసేనకి 5.53 శాతం, ఒక్క సీటు. టీడీపీ, జనసేన రెండూ కలిపినా 44.7 శాతమే. అంటే ఆ రోజు ఓటు చీలడం వల్లే ఓడిపోయాం అని ఎవరన్నా అంటే, కొన్ని సీట్లలో నిజం కావచ్చేమో గానీ మొత్తం రాష్ట్రానికి ఆ లెక్క కుదరదు. అదే 2009 చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో కాంగ్రెస్‌కి 37 శాతం లోపు ఓట్లతో 294లో 156 సీట్లు వచ్చాయి. ప్రజారాజ్యంకి 16 శాతం పైగా ఓట్లు వచ్చి 18 సీట్లే మిగిలాయి. అక్కడ చీలిక దెబ్బ గట్టిగానే పడింది.

ఇంకో విషయం. పార్టీలు కలిసినంత మాత్రాన ఓట్లు కలవవు. ఓటు బదిలీ అనేది బ్యాంకులో డబ్బు ట్రాన్స్‌ఫర్ లాంటిది కాదు. నాయకులు చేతులు కలిపినా కింద ఊళ్లో నిన్నటిదాకా కొట్టుకున్న రెండు వర్గాలు కలవకపోతే ఆ ఓటు ఇంట్లోనే ఉండిపోతుంది, లేదా అవతలికి పోతుంది.

బయట దేశాల్లో ఎట్లా ఉంటదో కూడా చూద్దాం. ఈ సిస్టమ్ మనకి వచ్చిందే బ్రిటన్ నుంచి. వాళ్లకి కూడా 2024లో జనరల్ ఎలక్షన్ జరిగింది. అక్కడ దీన్ని టాక్టికల్ ఓటింగ్ అంటారు. 1997 ఎన్నిక దీనికి మంచి ఉదాహరణ. లిబరల్ డెమొక్రాట్లు అని మూడో పార్టీ ఉంది. 1992లో వాళ్లకి 17.8 శాతం ఓట్లు, 20 సీట్లు. 1997లో ఓట్లు తగ్గి 16.8 శాతం అయ్యాయి. సీట్లు? 46! ఓట్లు తగ్గితే సీట్లు డబుల్ దాటాయి. కన్జర్వేటివ్‌లు పోవాలి అనుకున్న జనం, లేబర్ గెలవలేని చోట లిబరల్ డెమొక్రాట్‌కి వేశారు, వాళ్లు గెలవలేని చోట లేబర్‌కి వేశారు. చాలా చోట్ల పార్టీలు కలవకుండానే ఓటర్లే కూటమి కట్టారు.

అది కుదరడానికి ఒక కండిషన్ ఉంది. మీ సీటులో మొదటి రెండు స్థానాల్లో ఎవరున్నారో మీకు కచ్చితంగా తెలియాలి. వాట్సాప్ సర్వే కాదు, పోయినసారి రిజల్ట్ చూడాలి. 2024లో మన ఏడు సీట్లలో, పార్లమెంటులో కూడా, అసలు పోటీ ఫ్యాన్‌కీ సైకిల్‌కీ మధ్యే. ఇప్పుడు దీన్ని మన ఓటర్ల మీద పెట్టి చూద్దాం.

ఒకటి, జనసేన అభిమాని. తమ్ముడూ, 2024లో పల్నాడులో ఏడు సీట్లూ కూటమి తరఫున టీడీపీకే పోయాయి. నీ గాజు గ్లాసు కూటమి గుర్తుగా అప్పుడు ఇక్కడ లేదు. అంతే కాదు, రాష్ట్రంలో జనసేన పోటీలో లేని కొన్ని చోట్ల ఇండిపెండెంట్లకి అదే గ్లాసు గుర్తు వచ్చింది. ఎందుకు వచ్చింది? రాష్ట్ర పార్టీగా గుర్తింపు రావాలంటే ఆరు శాతం ఓట్లు, రెండు సీట్లు కావాలి. 2019లో 5.53 శాతం, ఒక సీటు దగ్గర ఆగిపోయారు. అందుకే గుర్తు ఫ్రీ లిస్టులో పడింది. దీని నుంచి రెండు పాఠాలు. మిషన్ మీద గుర్తు ఒక్కటే చూడకండి, పేరు, ఫోటో కూడా చూడండి. రెండోది, ఓడిపోయే పార్టీకి వేసిన ఓటు వేస్ట్ అనేది తప్పు. ఇంకో అర శాతం ఓట్లు, ఒక సీటు ఉండి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. ఆ ఓటుకి ఎమ్మెల్యేని ఇచ్చే బలం లేకపోయినా పార్టీని బతికించే బలం ఉంటది.

రెండు, కూటమిలో బీజేపీ ఉందని ఆలోచించిన ముస్లిం ఓటరు. గురజాల, నరసరావుపేట, వినుకొండలో నన్ను అడిగినోళ్లు ఉన్నారు. రిజర్వేషన్ సంగతి ఏంటని అడిగారు. లోకల్ టీడీపీ అభ్యర్థి నచ్చాడు, ఢిల్లీ లెక్క నచ్చలేదు. లేదా అప్పుడున్న ఎమ్మెల్యే మీద కోపం, కానీ పథకం డబ్బులు ఇంటికి వచ్చాయి. మీ దగ్గర రెండు మిషన్లు ఉన్నాయి కదా. మనోళ్లు క్రాస్ ఓటింగ్ అనేది అదే. పైగా 2024లో ఎంపీ పోటీ విచిత్రం. 2019లో ఫ్యాన్ మీద గెలిచిన లావు శ్రీకృష్ణదేవరాయలు గారు అప్పుడు సైకిల్ మీద పోటీ చేశారు. ఫ్యాన్ మీద నెల్లూరు నుంచి వచ్చిన మాజీ మంత్రి అనిల్‌కుమార్ యాదవ్ గారు నిలబడ్డారు. మనిషికి వేస్తున్నారా, గుర్తుకి వేస్తున్నారా అనేది మీరే తేల్చుకోవాల్సి వచ్చింది.

మూడు, కాంగ్రెస్‌కో కమ్యూనిస్టులకో వేద్దామనుకునేవాళ్లు. షర్మిల గారు వచ్చాక కాంగ్రెస్ ఓటు ఎవరి బుట్టలోంచి పోతుందని అందరూ లెక్కలేశారు. చీలిక అనేది ఒక వైపే జరగదు, ప్రభుత్వ అనుకూల ఓటు కూడా చీలుతుంది. "చీల్చొద్దు" అని మీకు చెప్పేవాడు ఎవరికి లాభం కోసం చెప్తున్నాడో ముందు చూడండి.

నోటా గురించి కూడా అడిగారు. నోటా కోపాన్ని రికార్డు చేస్తుంది, అంతే. నోటాకి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, దాని తర్వాత ఉన్న అభ్యర్థే గెలుస్తాడు.

ఇప్పుడు పల్నాడులో అందరూ లోపల అనుకునే మాట, బయటికి అననిది. ఈ లెక్కలన్నీ వేయాలంటే ఓటు రహస్యంగా ఉండాలి. క్రాస్ ఓటింగ్ చేసినా, మనసు మార్చుకున్నా ఎవరికీ తెలియకూడదు. మీ ఒక్కరి ఓటు ఎవరికీ తెలియదు, అది గ్యారెంటీ. వీవీప్యాట్‌లో స్లిప్ ఏడు సెకన్లు మీకే కనపడి డబ్బాలో పడిపోతుంది. "నువ్వు ఎవరికి వేశావో మాకు తెలుసు" అని ఎవడన్నా అంటే అది అబద్ధం.

కానీ బూత్ లెక్క తెలుస్తుంది. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో కౌంటింగ్ తర్వాత బయట ఉంటుంది. ఒక ఊరికి ఒకటే బూత్ ఉంటే, ఆ ఊరు ఎటు వేసిందో అందరికీ తెలిసిపోతుంది. ఆ పేట అటు వేసింది, ఈ వీధి ఇటు వేసింది అని గుర్తు పెట్టుకుంటారు. తర్వాత రోడ్డు రాదు, లేదా ఊరే వదిలి పోవాల్సి వస్తుంది. ఇది మన దగ్గర కొత్త కాదు.

బ్రిటన్‌లో దీనికి చిన్న రూల్ ఉంది. అక్కడ కాగితం బ్యాలెట్. ఒక పోలింగ్ స్టేషన్ పెట్టెలో కాగితాల్ని వేరే పెట్టెల కాగితాలతో కలిపాకే అభ్యర్థుల వారీగా లెక్కపెట్టాలి. ఏ ఊరు ఎటు వేసిందో ఎవరికీ తెలియదు. మన దగ్గర కూడా కాగితం కాలంలో అట్లా కలిపి లెక్కించేవాళ్లు. ఈవీఎంలు వచ్చాక పోయింది. కొన్ని మిషన్ల ఓట్లు కలిపి చూపించే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా పెట్టమని చెప్పింది. ఇప్పటికీ రాలేదు. పార్టీలు ఇన్ని హామీలు ఇస్తున్నాయి కదా, ఒక్క పార్టీ అయినా "మీ ఊరు ఎటు వేసిందో మాకు తెలియకుండా చేస్తాం" అని చెప్పిందా? మీ దగ్గరికి ప్రచారానికి వచ్చినోళ్లని అడగండి. నా దృష్టిలో పల్నాడుకి మిర్చి రేటుతో సమానమైన సమస్య ఇది.

చివరిగా, చేయాల్సిన పనులు. బటన్ నొక్కే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నా పెద్ద కోపం ఏది, అది ఏ మిషన్‌ది? మా సీటులో మొదటి రెండు స్థానాల్లో ఎవరు? నాకు నచ్చినోడు గెలవకపోతే, ఆ ఇద్దరిలో ఎవరు వచ్చినా నాకు ఒకటేనా? ఒకటే అయితే ధైర్యంగా నచ్చినోడికి వేయండి. ఒకటి కాకపోతే, ఆ ఇద్దరిలో తక్కువ నష్టం ఎవరో చూసుకోండి. రెండూ న్యాయమైన ఓట్లే.

హైదరాబాద్‌లో ఉన్నోళ్లకి ఒక మాట. 2024లో అక్కడ కూడా అదే రోజు పార్లమెంటు పోలింగ్ జరిగింది. రెండు చోట్లా పేరు ఉందని రెండు ఓట్లు వేయడం నేరం. బస్సు టికెట్ రేట్లు ఆకాశంలో ఉంటే, నలుగురు కలిసి ఒక కారు మాట్లాడుకోండి. బూత్‌కి వెళ్లాక మీ ఓటు అప్పటికే ఎవరో వేసేశారని చెప్తే గొడవ పడకుండా టెండర్ ఓటు అడగండి, అది మీ హక్కు. బెదిరింపు, డబ్బు పంపిణీ కనపడితే సీ-విజిల్ యాప్‌లో పెట్టండి. డౌట్ ఉంటే 1950కి కాల్ చేయండి.

ఇక ఏకగ్రీవం సంగతి చివర్లో చెప్తా అన్నాను కదా. 2021లో ఎన్నికైన సర్పంచ్‌లకి, మున్సిపల్ కౌన్సిల్స్‌కి అయిదేళ్లే పదవి. అంటే ఆ గడువు 2026 దాకానే, ఆ తర్వాత మళ్లీ మన వీధి ఎన్నిక రావాలి. ఎవరు గెలిచినా, మీ వార్డులో ఇంకొకడు భయం లేకుండా నామినేషన్ వేయగలిగాడా లేదా, అది చూడండి. గెలిచినోళ్లకి మనం పెట్టే పరీక్ష అదే. ఓడిపోయినోడి ఇంటి మీద రాయి పడకపోతే, ఆ పరీక్షలో మొదటి మార్కు పడినట్టు.

ఎండాకాలం పోలింగ్ అయితే నీళ్ల బాటిల్ పట్టుకెళ్లండి. అమ్మమ్మని, తాతయ్యని పొద్దున్నే ఏడింటికల్లా తీసుకెళ్లండి.