మంచును ఎత్తిన నీరు

మాకు హిమానీనదాల పాఠం చెప్పిన ఆచార్యులవారి పేరిట మాట్లాడే అవకాశం దక్కడం నా భాగ్యం. ఏ సిద్ధాంతం చెప్పినా దాన్ని ఎవరు కాదన్నారో కూడా చెప్పమనేవారు ఆయన. ఇవాళ ఆ పనే చేస్తాను.

ఐస్‌లాండ్‌లో వాట్నాయోకుల్ మంచు కింద గ్రిమ్స్‌వోట్న్ అగ్నిపర్వతం, దాని వేడికి కరిగి నిలిచే సరస్సు, అది ఉన్నట్టుండి తెగి దక్షిణాన ఇసుక మైదానం మీద పడటం మీకు తెలిసినవే. పాత వరదలను దాటేసి నేరుగా 1953కి వస్తాను. ఆ వరద ఎలా మొదలవుతుందన్న దాని మీద అక్కణ్ణుంచి 1976 దాకా నడిచిన వాదం మీదే నేను పనిచేశాను.

1953లో భూవిజ్ఞాని సిగుర్దుర్ థోరారిన్సన్ ఒక లెక్క ముందుకు తెచ్చారు. అడ్డున్న మంచు మందంలో పదింట తొమ్మిది వంతుల దాకా నీరు చేరితే మంచు తేలుతుంది, నీరు అడుగునుంచి దూరిపోతుంది. కానీ మామూలుగా వరద ఆ మట్టానికి అరవై, డెబ్బై మీటర్ల దిగువనే మొదలవుతోందని 1970ల్లో హిమానీనద శాస్త్రవేత్త హెల్గి బ్యోర్న్‌సన్ చూపించారు. 1976లో భౌతిక శాస్త్రవేత్త జాన్ నై సొరంగం సిద్ధాంతం వచ్చింది. పారే నీటి రాపిడికి పుట్టిన వేడి సొరంగం గోడలను కరిగిస్తుంది, పైమంచు బరువు దాన్ని మూయజూస్తుంది. కరగడానిది పైచేయి అయినన్నాళ్లూ వరద పెరుగుతుంది. రోజుల తరబడి పెరిగి చప్పున తగ్గే వరదలకు ఆ గణితం చక్కగా అమరింది.

నా తగాదా నైతో కాదు, ఆయన తర్వాత థోరారిన్సన్ లెక్కను చెల్లని కాగితంలా పక్కన పడేసినవాళ్లతో. ఇది పాండిత్యపు పట్టింపు కాదు. సొరంగమొక్కటే దారి అనుకుంటే, ఊళ్లు ఖాళీ చేయడానికి రోజులున్నాయని ధీమా పడతాం.

ఆ ధీమా చెల్లదని 1996 చూపించింది. ఆ ఏడు సెప్టెంబరు 30న వాట్నాయోకుల్ మంచు కింద విస్ఫోటం మొదలైంది. కరిగిన నీరు నెలకు పైగా సరస్సులో చేరి, ఈసారి తేలే మట్టాన్నే అందుకుంది. నవంబరు 5న బయటపడిన వరద ఒక్క రోజులోపే సెకనుకు దాదాపు 50 వేల ఘనపు మీటర్లకు పెరిగింది. క్యూసెక్కుల్లో 17 లక్షల పైమాట. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర మనం చూసింది 11 లక్షల పైచిలుకు. ఏ సొరంగమూ అంత త్వరగా విస్తరించలేదు. నీరు హిమానీనదాన్నే ఎత్తి దాని అడుగున పరుచుకుంది, అంచు దగ్గర మంచును చీల్చుకుని పైకి చిమ్మింది. ముందే కనిపెట్టుకుని ఉన్నందువల్ల ప్రాణనష్టం జరగలేదు. ఇసుక మైదానం మీద ఆ వరదకు కొట్టుకుపోయిన ఒక వంతెన ఉక్కు దూలాలు మెలితిరిగి స్కాఫ్తాఫెల్ దగ్గర రోడ్డు పక్కన నేటికీ ఉన్నాయి. థోరారిన్సన్ 1983లోనే కన్నుమూశారు, ఇది చూడలేదు.

మిగతావి క్లుప్తంగా. 2004లో వరద మొదలై బరువు తగ్గగానే గ్రిమ్స్‌వోట్న్ పేలింది. 2014లో ఉత్తర గ్రీన్‌లాండ్‌లో మంచు అడుగున ఉన్న ఒక సరస్సు నుంచి 9 కోట్ల ఘనపు మీటర్ల నీరు పది రోజుల్లో మంచును కిందినుంచి పైకి చీల్చుకుని వచ్చిందని 2025లో వెల్లడైంది. అక్కడ మంచు అడుగు నేలకు గడ్డకట్టి ఉంటుందనే అంతకుముందు నమూనాలు చెప్పాయి.

విద్యార్థులకు ఒక్క విన్నపం. ముందస్తు హెచ్చరికలకు నమూనాలు కట్టేటప్పుడు సొరంగంతోపాటు మంచు లేవడాన్నీ చీలడాన్నీ లెక్కలోకి తీసుకోండి. అంతకన్నా ముందు 1953 నాటి థోరారిన్సన్ వ్యాసం చదవండి.