సభలో చర్చింపదగినదేది?



స్వస్థలానికి దూరంగా తెలుగు బడిని నిలుపుకొన్న సంఘాలలో తరచు వినవచ్చే మాట ఒకటి ఉంది. కులాల ప్రసక్తి, పార్టీల ప్రసక్తి వేదిక మీదికి రానీయవద్దని, వస్తే సంఘం రెండుగా చీలుతుందని పెద్దలు హెచ్చరిస్తారు. అందులో అనుభవం ఉంది, భయమూ ఉంది. సరిగ్గా ఇటువంటి తర్జనభర్జనే భారత జాతీయ కాంగ్రెసుకు దాని శైశవంలోనే ఎదురయింది. ఆ వృత్తాంతం ఈ జూబిలీ వేళ స్మరింపదగినది.

1885 డిసెంబరులో బొంబాయిలో 72 మంది ప్రతినిధులతో కాంగ్రెసు ఆరంభమయింది. బాల్యవివాహాలు, వితంతువుల దుస్థితి వంటి విషయాలను కూడా ఆ సభ చేపట్టాలని కొందరు కోరారు. 1886 కలకత్తా సభకు అధ్యక్షత వహించిన దాదాభాయి నౌరోజీ అందుకు అంగీకరించలేదు. హిందువులు, ముస్లిములు, పారసీలు ఒకచోట కూర్చున్నప్పుడు ఒకరి ఇంటి ఆచారంపై మరొకరు తీర్పు చెప్పడం ఎట్లా? అందరికీ సమానంగా చెందే పరిపాలనా విషయాలే అక్కడ చర్చించాలనీ, సంస్కరణను ఆయా సమాజాలు తమలో తాము చూసుకోవాలనీ ఆయన వాదం. దీనిని పిరికితనంగా కొట్టివేయడం న్యాయం కాదు. 1851లోనే పారసీల సంస్కరణ కోసం పత్రిక స్థాపించిన వ్యక్తి ఆయన.

1887లో మద్రాసులో మహాదేవ గోవింద రానడే, దివాన్ బహదూర్ రఘునాథరావు ప్రభృతులు సంఘసంస్కరణ మహాసభను వేరుగా నెలకొల్పారు. కాంగ్రెసు ముగిసిన పిమ్మట ఆ పందిరిలోనే ఈ సభ జరగడం ఆనవాయితీ అయింది. ఒక పందిరి, రెండు సభలు! మంచి ఏర్పాటే. 1888లో అలహాబాదు కాంగ్రెసు మరొక నియమం చేసింది. హిందూ ప్రతినిధులు గాని, ముస్లిం ప్రతినిధులు గాని ఏకగ్రీవంగా, లేదా దాదాపు ఏకగ్రీవంగా అభ్యంతరం చెప్పిన విషయాన్ని చర్చకు తీసుకోరాదు.

1895లో పూనాలో ఆ ఏర్పాటు భగ్నమయింది. అంతకు నాలుగేళ్ల క్రితం, 1891లో, సహవాస సమ్మతి వయస్సును పదినుండి పన్నెండేళ్లకు పెంచిన చట్టంపై రేగిన కలహం ఇంకా చల్లారలేదు. కాంగ్రెసు పందిరిని సంస్కరణ సభకు ఇవ్వరాదని తిలక్ అనుయాయులు పట్టుబట్టారు. పందిరికి చందాలు ఇచ్చినవారిలో సనాతనులూ ఉన్నారనీ, సామాన్య జనం కాంగ్రెసుకు దూరమవుతారనీ వారి ఆక్షేపణ. పందిరిని తగులబెడతామన్న బెదిరింపు కూడా వచ్చిందని తరువాతి కాలంలో అంబేడ్కర్ వ్రాశారు. చీలిక తప్పించడానికి రానడే తన సభను మరొక చోటికి మార్చుకున్నారు.

అలహాబాదు నియమానికీ పూనా నిషేధానికీ పైకి పోలిక కనిపిస్తుంది. కాని మొదటిది, సంఖ్యాబలంతో తమను అణచివేస్తారేమోనని జంకిన అల్పసంఖ్యాకులకు ధైర్యం చెప్పడానికి పుట్టింది. రెండవదానిలో, ఎవరి బాధను గూర్చి మాట్లాడవద్దన్నారో ఆ బాలవితంతువులకు అక్కడ ప్రతినిధులే లేరు. అభ్యంతరం చెప్పేవారు ఎందరని మాత్రమే లెక్కించిన సభకు ఈ తేడా కనిపించదు.

ఆంధ్రదేశంలో ఈ వాదాలు మొదట పత్రికలలోనే సాగాయి. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ స్థాపించగా, కొక్కొండ వేంకటరత్నం పంతులు తన ‘ఆంధ్రభాషా సంజీవని’లో ఎదురు నిలిచారు. స్త్రీవిద్యపై ఇరువురూ హోరాహోరీ పోరాడారు. వెక్కిరింతలకు కొదవ లేదు. అయినా, పాఠకునికి రెండు పక్షాలూ అందాయి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. 1898లో మద్రాసులో సంఘసంస్కరణ మహాసభకు ఆయనే అధ్యక్షులు.

ఇక, సంస్కరణ సభ అయినా అన్నిటికీ చోటిచ్చిందా? ఆ సభ ప్రధానంగా అగ్రవర్ణ కుటుంబాల లోపలి ఆచారాలనే పట్టించుకున్నదని, కులవ్యవస్థ జోలికి పోలేదని అంబేడ్కర్ విమర్శ. అస్పృశ్యుల దురవస్థ తొలగించాలన్న తీర్మానాన్ని కాంగ్రెసు 1917లో, కలకత్తాలో, అనీబిసెంట్ అధ్యక్షురాలుగా ఉన్నప్పుడు చేసింది. సామాజిక విషయాలు తనకు తగవని నౌరోజీ చెప్పి అప్పటికి 31 ఏళ్లు.

అంబేడ్కర్ ఈ విమర్శ చేసినది 1936లో లాహోరులోని జాత్‌పాత్ తోడక్ మండల్ వార్షిక సభ కోసం సిద్ధపరచిన అధ్యక్షోపన్యాసంలో. కులనిర్మూలన కోసమే ఏర్పడిన సంఘం అది. ఉపన్యాస పాఠం చూసిన నిర్వాహకులు కొన్ని భాగాలు తొలగించమని కోరారు. ఆయన ఒక్క కామా కూడా మార్చనన్నారు. సభ రద్దయింది. అంబేడ్కర్ ఆ ఉపన్యాసాన్ని తానే పుస్తకంగా ప్రకటించారు. మొదటి ముద్రణలోని 1500 ప్రతులు రెండు నెలలలోనే చెల్లిపోయాయి.