సమ్మతి ఎవరిది? సంతకం ఎవరిది?

(అనకాపల్లిలో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ప్లేటో నుంచి మిల్ దాకా పాశ్చాత్య రాజకీయ తత్వశాస్త్రం గురించి చెప్పమన్నారు. రెండు వేల ఏళ్ళకి పైబడిన ఆలోచనని ఒక పూటలో చెప్పడం నావల్ల కాదు. ఒక్క ప్రశ్న పట్టుకుని నడుస్తాను. ఆస్తి ఎవరిది, దానికి 'సరే' అన్నది ఎవరు? పొద్దున్న చర్చలో, పుట్టింటి భూమి మీద హక్కు వదులుకున్నట్టు ఆడపిల్లల చేత సంతకాలు పెట్టించుకోవడం గురించి మీలో చాలామంది మాట్లాడారు. ఆ సంతకాలకీ గ్రీకు దేశానికీ సంబంధం ఉంది.

ప్లేటో తన 'రిపబ్లిక్'లో స్త్రీలు కూడా పాలకులు కావచ్చన్నాడు. వెంటనే మురిసిపోనక్కర్లేదు. ఆ పాలకులకి సొంత ఇల్లూ, ఆస్తీ, కుటుంబమూ ఉండవు. ఇల్లు తీసేస్తే తప్ప ఆయనకి స్త్రీ కనబడలేదు. శిష్యుడు అరిస్టాటిల్ ఇంటిని మళ్ళీ నిలబెట్టాడు. రాజ్య వ్యవహారం సమానుల మధ్యది, ఇంటి వ్యవహారం యజమానిది అని గీత గీశాడు. స్త్రీకి ఆలోచించే శక్తి ఉంది గానీ దానికి అధికారం లేదన్నాడు. 'ఇది మా ఇంటి విషయం, మధ్యలో మీరెవరు' అని మీరు రోజూ వినే మాట ఆ గీత మీద నిలబడిందే. మన పితృస్వామ్యం అరిస్టాటిల్‌ని చదివి నేర్చుకున్నది కాదు లెండి, మనకి మనువు చాలు.

మధ్యయుగాల్ని దాటేస్తున్నాను. చర్చికీ రాజుకీ మధ్య జరిగిన పెనుగులాటలో మన ప్రశ్నకి దొరికేది తక్కువ.

జాన్ లాక్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 1689లో ఆయన పుస్తకం వచ్చింది. రాజుది దైవదత్తాధికారం కాదు, పాలితుల సమ్మతి లేనిదే ప్రభుత్వం లేదు అన్నాడు. బిడ్డల మీద తండ్రికెంత అధికారమో తల్లికీ అంతే అన్నాడు. కానీ భార్యాభర్తల మధ్య భేదం వస్తే సమర్థుడూ బలవంతుడూ కనుక భర్త మాటే చెల్లాలన్నాడు. ఇక ఆస్తి. మనిషి తన శ్రమని నేలతో కలిపితే ఆ నేల అతనిది అవుతుందన్నాడు. ఈ మాట మన చెరకు తోటల్లో నిలబడి చదవాలి. ముచ్చెలు నాటిన చేతులు, కలుపు తీసిన చేతులు ఎవరివి? ఆ లెక్కన ఆ తోట ఎవరిది కావాలి? కంగారుపడకండి, అదే అధ్యాయంలో లాక్ జాగ్రత్తపడ్డాడు. తన నౌకరు కోసిన మట్టిపెళ్ళ కూడా తనదే అన్నాడు. ఆ ఒక్క మాటతో కూలీ శ్రమ యజమాని ఖాతాలో పడింది. భార్య శ్రమని లెక్కలోకి తేవలసిన అవసరమే రాలేదు.

ఇంకొకటి. నోరు తెరిచి ఒప్పుకోకపోయినా, ఒక రాజ్యంలో ఉంటూ దాని దారిలో నడిచినవాడు సమ్మతించినట్టే అన్నాడు. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్ళూ అన్నారు. దీన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

రూసో 1762లోనే 'సామాజిక ఒడంబడిక' రాశాడు, అదే ఏడు 'ఎమీల్'లో ఆడపిల్ల చదువు మగవాణ్ణి సంతోషపెట్టడానికే అన్నాడు. 1791లో స్త్రీల హక్కుల ప్రకటన రాసిన ఒలింప్ ద గూజ్‌ని 1793లో గిలటిన్ ఎక్కించారు. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో రూసోకి జవాబిచ్చింది. 1867లో మిల్ బ్రిటిష్ పార్లమెంటులో స్త్రీలకి ఓటు అడిగితే 73 మంది అనుకూలంగా ఓటేశారు, 196 మంది కాదన్నారు. రెండేళ్ళ తర్వాత రాసిన పుస్తకంలో ఆయన చెప్పిందేమిటంటే, మగవాళ్ళకి స్త్రీ విధేయత ఒక్కటే చాలదు, ఆమె మనసు కూడా కావాలి. ఇదే మిల్ 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఆయన స్వేచ్ఛా సిద్ధాంతంలో మనకి ఇంకా వయసు రాలేదు!

ఈ ఉదారవాదం మన దాకా ఎవరి నోట వచ్చిందో ఈ జిల్లా రాయవరంలో పుట్టిన గురజాడ ఎప్పుడో చూపించాడు. గిరీశం వితంతు వివాహం మీద ఇంగ్లీషులో ఉపన్యాసాలిస్తాడు, కన్ను మాత్రం బుచ్చమ్మ మీద.

1921లో మద్రాసు రాష్ట్రంలో స్త్రీలకి ఓటు వచ్చింది, బ్రిటిష్ ఇండియాలో మొదటిసారి. కానీ ఆస్తి ఉంటేనే. ఆస్తి లేనివాళ్ళెవరో చెప్పనక్కర్లేదు. మన రాష్ట్రం 1986లో చేసిన సవరణ, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. అయితే 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి అయిపోయినవాళ్ళకి లేదు. 2005లో కేంద్ర సవరణ ఆ గీతని చెరిపేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

మా పెద్దక్క పెళ్ళి 1984లో అయింది. నాది 2003లో. ఇరవై ఏళ్ళు చట్టం కళ్ళకి ఒకే తండ్రి కూతుళ్ళం రెండు రకాలుగా కనబడ్డాం. 2010లో నాన్న పోయేనాటికి ఇద్దరం సమానం. కర్మకాండలు అయ్యాక అన్నయ్య కాగితాలు తెచ్చాడు. అక్క పెట్టింది. అప్పటికి సమ్మతి సిద్ధాంతం మీద పాఠాలు చెబుతున్న నేనూ పెట్టాను. ఆస్తి అడిగితే పుట్టిల్లు మూసుకుపోతుందని ఎవరూ బెదిరించలేదు. బెదిరించాల్సిన పనే లేకపోయింది. కాఫీ తాగి బయల్దేరాం.

అయిదేళ్ళ తర్వాత అక్క భర్త పోయాడు. చేతిలో ఏమీ లేదు. 'ఆ రోజు నేను సరే అన్నానా?' అని నన్నడిగింది. ఎంత ఆలోచించినా, ఎవరైనా అక్కని అడిగినట్టు నాకు గుర్తు రాలేదు. మోసమో బలవంతమో జరిగిందని దస్తావేజు రద్దు చేయించాలంటే, ఆ సంగతి తెలిసిన మూడేళ్ళలోపు కోర్టుకి వెళ్ళాలి. మా సంగతిలో బలవంతం ఎవరిదని రాయాలో లాయరుకీ తెలియలేదు.

హక్కు విడుదల దస్తావేజు నమూనాలు రెండు తెచ్చాను. భోజనాలయ్యాక పంచుతాను. వాటిలో 'నా పూర్తి సమ్మతితో' అన్న మాట ఎన్నిసార్లుందో లెక్కపెట్టండి. అక్కణ్ణుంచి చర్చ మొదలుపెడదాం.